మడతకత్తి బేరము

ప్రతి గృహస్థునకును ఏదో యొక వెఱ్ఱి యుండును. ఒకరు పాతనాణెములు కూర్చుదురు, ఒకరు తపాలాబిళ్లలు, మఱియొకరు వ్యాజ్యెములు. మా వెఱ్ఱి పాత మడతకత్తులు. యంత్రములనుండి వేలకొలది యొక్కతీరున వచ్చునవి గావు. ఒక్కొక్కటి చేతితో కొట్టి, ఆకురాయితో రాచి, చీల బిగించి చేసినవి. వానిని కొనుటయు, అమ్ముటయు, ఒకటి యిచ్చి యొకటి పుచ్చుకొనుటయు ఇరువదియేండ్లుగా మాకు కాలక్షేపమై యున్నది. మా యింటివారు దీనిని కాలక్షేపమనరు. "కూర తఱుగుటకు పనికిరాని కత్తులు నలువది పెట్టెలో నున్నవి, కూర తఱుగు కత్తిపీట మొండిపడి మూడునెలలైనది" అని మా గృహిణి యొకనాడు పలికిన మాటకు మేమిప్పటికిని ప్రత్యుత్తరము వెదకుచునే యున్నాము.

కత్తి యనగానే కొందఱు చదువరులు జంకుదురు. కాని మడతకత్తి మన యిండ్లకు క్రొత్తది గాదు. మంగలికత్తి మడతకత్తియే గదా. తన పిడిలోనే తాను దాగుకొనును. పూర్వము కలములు చెక్కుకొను చాకును, గొల్లవాని మొలలోని చిన్నకత్తియు నీ కుటుంబములోనివే. చీలపై తిరుగునది గనుక అడకత్తెరను గూడ దూరపుచుట్టముగా నెంచవచ్చును. రాంపురపు చాకునకు హిందీ చలనచిత్రములు తెచ్చిపెట్టిన యపకీర్తివలన మడతకత్తి రౌడీల సొమ్మని లోకము తలచుచున్నది. చట్టము లోకముకంటె కొంత వివేకముగలది. 2016 నాటి ఆయుధ నిబంధనలలో అలుగు 9 అంగుళములకు మించిన పొడవుగాని 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల కత్తులను ఆయుధములలో జేర్చి, ఇంటిపనికిని వ్యవసాయమునకును జేసినవానిని విడిచిపెట్టినారు. మా పెట్టెలోనివాటిలో నాలుగంగుళములు దాటినవి రెండో మూడో.

ఇట్టి కత్తిని పరీక్షించుట యొక విద్య. ముందుగా మెల్లగా తెఱవవలెను. లోపలి కమాను మొదట బిగువుగా నెదిరించి, సగమునకు వచ్చునప్పటి కొక నిలుకడ నిచ్చి, కడపట టక్కున పట్టుకొనవలెను. ఆ చప్పుడే సగము వెల. తెఱచిన యలుగును రెండువ్రేళ్లతో పట్టి యటునిటు కదపిన కదలరాదు. మూసినప్పుడు పిడి నడుమ నొదుగవలెనుగాని యొకవైపునకు వాలరాదు. పిమ్మట అలుగు మొదలును మొనను పోల్చి చూచినచో ఎన్నేండ్లు సానబట్టి యెంత యరగదీసినారో తెలిసిపోవును. ఉక్కుపై కాలక్రమమున పట్టిన నల్లని చాయను మాత్రము తాకరాదు. తెలియనివాడు పాతకత్తిని చింతపండుతో తోమి, చక్రముమీద మెఱుగుపెట్టి, తళతళలాడించి బజారునకు తెచ్చును. తన లాభమును తానే తోమివేసికొనును.

మోసములు లేకపోలేదు. హైదరాబాదున పురానాపూల్ దాపున గురువారము గురువారము కూడు జుమ్మేరాత్ బజారులో ఏనుగుదంతపు పిడి యని చెప్పి గేదెయెముక పిడి నంటగట్టువారిని మేమెఱుగుదుము. దంతముపై ఒకదానినొకటి ఖండించుకొను సన్నని వంకరగీత లుండును. ఎముకపై నల్లని సూదిబెజ్జములవంటి చుక్క లుండును. నిజమైన దంతమే యైనచో మఱింత యపాయము: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును తరువాతి సవరణలును దంతపు వ్యాపారమును పూర్తిగా నిషేధించినవి. అట్లే నూఱేండ్లు దాటిన వస్తువును దేశము దాటించుటకు 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము మనబోటివారి కధికారము లేదు. ఈ రెండు చట్టములును తెలియకుండ బేరమునకు దిగువాడు కత్తి పట్టుకొనక ముందే వ్రేలు కోసికొనినట్లే.

అయినను ఈ వ్యాపారములో అన్నిటికంటె వెలగలది చేసినవాని పేరు. ఇంగ్లండున షెఫీల్డు కత్తిపనివారి సంఘము 1624లోనే పార్లమెంటు చట్టముచే నేర్పడి, పనివారి గుర్తులను నమోదుచేయుచు వచ్చినది. జోసెఫ్ రాడ్జర్సువారి నక్షత్రమును మాల్టా సిలువయు అలుగు మొదట కనబడినచో కొనువాని చేయి తానుగా జేబులోనికి పోవును. అమెరికాలో చేతిపనిగా కత్తులు చేయువారు 1970లో నొక సంఘముగా గూడినారు. అందలి మోరను అనునతడు 1973లో రెండువిధముల యుక్కును మడచి మడచి కొట్టి, తరగలు తేలిన యలుగులను ప్రదర్శించినపిమ్మట ఆ పని మరల నచట బ్రతికినది. అట్టి పేరుగలవారు చేసిన మడతకత్తికి ముందు సొమ్ము కట్టి యేండ్లకొలది వేచియుందురు. చేతికి వచ్చిన మఱునాడే కొన్నదానికి రెట్టింపున కమ్ముకొనువారును గలరు. పేరులేని కత్తి యెంత మంచిదైనను అనాథవలె బల్లచివర పడియుండును. మేమును అట్లే ఎంచుచు వచ్చితిమి.

కొన్నియేండ్ల క్రిందట జుమ్మేరాత్ బజారులో తుప్పుపట్టిన తాళములకుప్పలో నొక మడతకత్తి మా చేతికి దొరకినది. అలుగు మూడున్నర యంగుళములు. గేదెకొమ్ము పిడి, రెండు కొసల ఇత్తడితొడుగులు. పేరు లేదు, గుర్తు లేదు. తెఱచితిమి, ఆ చప్పుడు విని మా గుండె ఝల్లుమన్నది. ముఖమున నేమియు తెలియనీయక, ఇది మా వృత్తిధర్మము గదా, ఇత్తడి వంకరగా నున్నదనియు కొమ్ము పురుగుతిన్నదనియు నిందించి 150 రూపాయలకు కొంటిమి. చీల మాత్రము కొంచెము వదులైనది. దానిని బిగింపించుటకు షంషాబాదులో మా యింటికి దగ్గఱనున్న కమ్మరికొట్టమునకు కొనిపోతిమి.

షంషాబాదు నెఱుగనివారి కొకమాట. ఇది బెంగుళూరు పోవు పెద్దదారిపై నొకప్పుడు రాళ్లును పొలములును గల చిన్నయూరు. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీనుండి ఇచట విమానములు దిగుచున్నవి. పొలములు పోయినవి, పొలములతో నాగళ్లు పోయినవి, నాగళ్లతో కఱ్ఱు కాల్చు పని పోయినది. ఆ కమ్మరికొట్టము మాత్రము దారిప్రక్కను రేకులకప్పుతో నిలిచియున్నది. తిత్తికి బదులు కరెంటు పంకా గాలి యూదుచున్నది. ఇప్పుడతని యొద్దకు వచ్చునవి కోడిమాంసపు దుకాణముల కత్తులు, కొబ్బరిబొండములవారి కత్తులు, ఇంటిగేటుల కడ్డీలు. తలపైనుండి విమానము పోవునప్పుడు సమ్మెటచప్పుడు వినబడదు.

ఆ చారి మా కత్తిని పుచ్చుకొని చీలవైపు చూచెను. తెఱువలేదు. త్రిప్పి మరల చూచెను.

"యాడ దొరికింది సారూ ఇది?" అనెను. చెప్పితిమి. "గీ చీల మా నాయిన కొట్టిందే. ఇత్తడి లోపలికి కొంచెం గిన్నె లెక్క తొల్చి చీల తల దాంట్ల కూసోబెడుతుండె. ఇంకెవ్వరు గట్ల చెయ్యరు."

మా సంతోషమును వర్ణింపజాలము. పేరులేని కత్తికి పేరు దొరకినది! ఆతడు పదినిమిషములలో చీల బిగించి, కూలి యెంతయని యడుగగా తలయూపి వలదనెను. పిమ్మట కొంచెము జంకుతో, "సారూ, మా అమ్మ ఊళ్లెకు వోయింది, రాత్రికొస్తది. రేపటిదాక ఉంచిపోతే ఒక్కసారి సూపిస్త" అనెను.

మేము కాదంటిమి.

కారణములు చెప్పితిమి, మఱునా డూరికి పోవలెనంటిమి, మఱియొకసారి తెత్తుమంటిమి. అన్నియు నబద్ధములు. నిజమైన కారణ మొక్కటే: ఆ కత్తి తిరిగి రాదేమోయని భయము. తండ్రి చేసిన వస్తువును కొడుకు చూచినమాత్రమున గుర్తించి, కూలియైనను పుచ్చుకొనక బాగుచేసి యిచ్చినాడు. ఆతని చేతిలో నొక్కరాత్రి యుంచుటకు మాకు నమ్మకము చాలలేదు. ముక్కుమొగ మెఱుగని వర్తకులకు దూరదేశములకు ముందుగా సొమ్ము పంపినప్పు డీ భయము మాకెన్నడును గలుగలేదు. జాతిభేదములు పోవలెనని సభలలో మాటలాడు మాబోటివారి మనసులలో అవి యెచట దాగుకొనియున్నవో ఆనాడు మేము వెదకలేదు.

వెదకకపోగా బేరము పెట్టితిమి. బెంగుళూరులో మా మిత్రుడొకడు ఇట్టి వెఱ్ఱిగలవాడే కలడు. చేసినవాని వంశము తెలిసిన దక్కనుకత్తి యనగానే ఆతడు తన పెట్టెలోని షెఫీల్డుకత్తి నొకదానిని మార్పున కిచ్చెదనని వ్రాసెను. విమానమున కేర్పాటు చేసికొంటిమి. కత్తులను చేతిసంచిలో గొనిపోరాదనియు, ముందుగా నప్పగించు పెద్దపెట్టెలో నుంచవలెననియు మాకు చక్కగా తెలియును. ఎందఱకో బోధించితిమి గూడ. కాని ప్రయాణమునకు ముందురాత్రి ఇంకొకసారి చూడవలెననిపించి పెట్టెనుండి తీసి, చూచి, కండ్లజోడు పెట్టుకొను డబ్బాలో నుంచి నిద్రపోతిమి. ఆ డబ్బా చేతిసంచిలోనికి పోయినది.

తనిఖీయొద్ద సంచులలోని వస్తువులను తెరపై జూపు యంత్ర మబద్ధమాడదు. అచటి యుద్యోగి మర్యాదగానే మాటలాడెను. కత్తిని అచట విడిచి పోవచ్చును, లేదా వెనుకకు పోవలెను. పెట్టె నప్పగించు వేళ మించిపోయినది. కొట్టమున నొక్కరాత్రి యుంచిన పోవునని భయపడిన వస్తువును మా సంచిలోనే మఱచి పోగొట్టుకొనబోయితిమి. విమానమును విడిచితిమి, కత్తిని విడువలేదు.

విమానాశ్రయమునుండి మా యింటికి పోవుదారి యా కొట్టము ముందుగానే పోవును. ఆటో నాపించితిమి. ఎందుకాపించితిమో నిశ్చయముగా చెప్పలేము. విమానము తప్పిన సిగ్గుతో వెంటనే ఇల్లు చేరుట కిష్టములేక కావచ్చును.

కొట్టమున నొక ముసలమ్మ ముక్కాలిపీటపై గూర్చుండి యుండెను. కండ్లకు పొరలు వచ్చినవి. కొడుకు చెప్పగా చేయి చాపెను. కత్తి నామె చేతిలో నుంచితిమి. చూచుటకు ప్రయత్నింపలేదు. బొటనవ్రేలితో ఇత్తడిని తడవి, చెవిదగ్గఱ బెట్టుకొని తెఱచెను, మూసెను, మరల తెఱచెను. ఇరువదియేండ్లు కత్తులను పరీక్షించిన మేము అట్లే చేయుదుము. మాకంటె నేర్పుగా జేసెను.

ఆమె భర్త పనితనమును మేము చాల పొగడితిమి. ఇంతటి పనివాడు పేరులేక పోవుట యన్యాయమంటిమి. ఆమె కొంతసేపు వినెను.

"ఆయన ఒక్కడు జేసిండా బిడ్డా? పట్కారు వట్టింది ఆయన. సమ్మెట గొట్టింది నేను" అనెను.

మేమేమియు ననలేకపోతిమి. ఆమెయే చెప్పుచు వచ్చెను. కొలిమి యిండ్లలో ఆడువారే సమ్మెట వేయుదురట. తిత్తి యూదుటయు వారిపనియే. మగవాడు పటకారుతో ఎఱ్ఱని ముక్కను దాగలిపై త్రిప్పుచు చిన్నసుత్తితో ఎచట కొట్టవలెనో తాకి చూపును. ఆ తాకినచోటనే పెద్దదెబ్బ పడవలెను. ఒక్కవ్రేలెడు తప్పినచో ముక్క చెడును, లేదా మగని చేయి విఱుగును. "పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు సుత కొట్టిన. వేపచెట్టుకు ఉయ్యాల గట్టి ఇంకోడిని పండవెట్టి కొట్టిన." మా కత్తి యలుగు లారీ కమానుపట్టీ ముక్క. ఇత్తడి పగిలిన చెంబుది. నాగళ్ల పనికి కళ్లములో ధాన్యము మేరగా వచ్చెడిది. మడతకత్తులు మేరలోనివి గావు, దసరాముందు సంతకు పది చేసికొని పోయి నగదున కమ్ముకొనెడివారట. పాయనము పెట్టునప్పుడు మాత్ర మామెను దగ్గఱకు రానీయడు. "అదొక్కటి నాకు జెప్పలే" అని నవ్వెను. ఆ నవ్వులో కోపమెంతో మాకు తెలియదు.

మీ యిద్దఱి పేర్లును వ్రాసికొందుమని, పత్రికలో గూడ వేయుదుమని యుత్సాహముగా నంటిమి. "పేపర్ల వద్దు బిడ్డా. పేరు ఎక్కితే గీ జాగ ఎవ్వరిదని ఎవరో ఒకరు వచ్చి అడుగుతరు" అనెను. కొట్టము దారిప్రక్క నున్నది, కాగితములు లేవు. కావున ఆ పేర్లు మా చిట్టాలో నున్నవిగాని చదువరులకు చెప్పజాలము.

ఆ రాత్రి మా పుస్తకముల నొకసారి తిరుగవేసితిమి. 1795లో డాక్టరు పియర్సను అనునతడు లండను రాయల్ సొసైటీలో మన దేశపు ఉక్కునుగూర్చి యొక వ్యాసము చదివెను. మన "ఉక్కు" మాటయే వికృతిచెంది వారి నోట "వూట్సు" అయినదని పలువురి యభిప్రాయము. ఆ యుక్కు ముద్దలను బొంబాయినుండి సర్ జోసెఫ్ బ్యాంక్సునకు పంపినవాడు డాక్టరు స్కాటు. దానితో స్టోడార్టు అను లండను పనివాడు ముందుగా నొక చాకు చేసి చూపెను. పిమ్మట ఐరోపా యుక్కుకంటె నిదియే మేలని తన దుకాణపు చీటీలపై నచ్చువేయించుకొనెను. మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు ఈ యుక్కుకొఱకే పారసీక వర్తకులు వచ్చి కొలుములయొద్ద కాచుకొని కొనిపోయెడివారని వోయ్సీ దొర వ్రాయగా 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో నది వెలువడినది. పంపినవాని పేరును, పరీక్షించినవాని పేరును, చాకు చేసినవాని పేరును మనకు దక్కినవి. ఆ ముద్దలను మూసలో కరగించినవాని పేరు దక్కలేదు. ఇంతవఱకు మేము పలుమార్లు చెప్పి బాధపడిన మాటయే. కాని కరగించినవాడని యనుచుంటిమిగాని, ఆ కొలిమిలో తిత్తి యూదిన చేయి యెవరిదని మాకెన్నడును తోచలేదు. షెఫీల్డులో గూడ మెఱుగుపెట్టు పని చాలవఱకు స్త్రీలదే యై యుండెను. ఒడలికి గాగితములు, ముఖమంత నల్లని దుమ్ము. అలుగుపై నక్షత్రమున్నది, సిలువయున్నది.

మఱునాడు మరల పోయి, అట్టి కత్తి యొకటి చేసియిమ్మని చారిని గోరితిమి. ఆతడు తండ్రియొద్ద చూచినాడేగాని తానుగా చేయలేదట. అలుగు మడమకును కమానుకును కుదుర్చుటయే కష్టమనియు, మాదిరికి పాతకత్తి తనయొద్ద నుండవలెననియు చెప్పెను. ఉంచితిమి. మొదటిరాత్రి సరిగా నిద్రపట్టలేదని యొప్పుకొనవలసియున్నది. వెల యడుగగా 800 రూపాయలనెను. వెంటనే మా నోట "600 చేయరాదా?" యను మాట వెలువడినది. ఇరువదియేండ్ల యలవాటు, మనసు వలదనులోపల నాలుక బేరమాడెను. విదేశపు కత్తులకు వేలకొలది యిచ్చినప్పు డీ నాలుక యెచటికి పోయినదో! ముసలమ్మ యేమియు ననక ముఖము మాత్రము మావైపు త్రిప్పెను. 800 అక్కడనే యిచ్చితిమి.

పదిదినములకు కత్తి సిద్ధమైనది. ఆనాడు శనివారము. "శనివారం ఇనుము తీస్కపోతరా సారూ, రేపొస్తరా?" అని చారి యడిగెను. వారశూలలమీదను దుర్ముహూర్తములమీదను ఈ పత్రికలోనే వ్రాసిన మేము ఒక్కక్షణము తడబడితిమి, పిమ్మట కొనిపోయెదమంటిమి. ఆతడు కత్తిని చేతి కియ్యలేదు. ఇనుము చేతినుండి చేతికి మారరాదని గదా పెద్దల మాట. దాగలిపై నుంచెను, మేము తీసికొంటిమి. పాతకత్తిని గూడ ప్రక్కనే యుంచెను. దానిని మీరే యుంచుకొనుడని ముసలమ్మతో నంటిమి. "పైసలు వెట్టి కొన్నవు, నీదే. మాకు కత్తులు తక్కువనా?" అనెను.

క్రొత్తకత్తి మా శాస్త్రము ప్రకారము పరీక్షకు నిలువదు. మూసినప్పుడు అలు గెడమవైపునకు వాలును. తెఱచునప్పుడు కొంచెము పట్టును. నిమ్మకాయలు కోసి కోసి నల్లబడినది. పెట్టెలోనికి పోలేదు, మా గృహిణి యొద్దనే యున్నది. కత్తిపీట సంగతి యిప్పు డెవరు నెత్తుటలేదు.

బెంగుళూరు మిత్రుడు పాతకత్తికై మరల వ్రాసెను. అది మార్పునకు లేదనియు, క్రొత్తది కావలసినచో స్వయముగా షంషాబాదునకు రావలెననియు, వెల 800 అనియు, తగ్గింపుమని యడుగవలదనియు ప్రత్యుత్తర మిచ్చితిమి. గడచిన మాసమున వచ్చెను. ఒకటికి రెండు కొనెను. ఆ రెండింటిని పెద్దపెట్టెలోనే యుంచుకొంటివా యని ఆటో ఎక్కునప్పుడు రెండుమారు లడిగితిమి.